మూసీ గట్టున ఎష్ గుమ్మటాలు
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

హైదరాబాదు హైకోర్టు భవనం గురించి గుంటూరు పాఠకులొకరు రాసిన ఉత్తరంతో పాటు, దానికి దగ్గరి విషయాల మీదే మరి కొన్ని ఉత్తరాలు ఈ నెల వచ్చాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంచికలో జవాబు చెప్పడం కంటే అన్నింటినీ ఒకచోట చేర్చడం మేలని తోచింది.

ప్రశ్న: మా నాన్నగారు దావా పని మీద హైదరాబాదు వెళ్లి వచ్చినప్పుడల్లా కేసు సంగతి రెండు ముక్కల్లో ముగించి, హైకోర్టు గుమ్మటాల గురించి మాత్రం అరగంట చెప్పేవారు. ఆ భవనాన్ని ఎవరో దొర కట్టించాడని విన్నాను. ఆయన ఎవరు? ఇక్కడికి ఎలా వచ్చాడు? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ నాన్నగారికి కట్టడాలను చూసే కన్ను ఉన్నది. ఆయనకు నచ్చిన గుమ్మటాలతో ముడిపడిన ఆర్కిటెక్టు పేరు విన్సెంట్ జెరోమ్ ఎష్. 1876లో లండను శివార్లలో పుట్టిన ఎష్, ఆ శతాబ్దం ముగియవచ్చే వేళకు బెంగాల్ నాగపూర్ రైల్వేలో అసిస్టెంటు ఇంజనీరుగా మన దేశానికి వచ్చాడు. రైల్వే ఉద్యోగమంటే అప్పట్లో పట్టాలు, వంతెనలు మాత్రమే కాదు. ఆఫీసులు, బంగళాలు, క్లబ్బులు కూడా కట్టించవలసి వచ్చేది. ఆ పనిలో పేరు తెచ్చుకున్న తరువాత ఆయన కలకత్తాలో సొంతంగా ఆర్కిటెక్టు వృత్తి సాగించాడు. గార్డెన్ రీచ్‌లోని బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం, చౌరంగీ రోడ్డు మీద ఒకప్పుడు ఠీవిగా నిలిచిన బెంగాల్ క్లబ్బు భవనం ఆయన పనులే. బెంగాల్ క్లబ్బు గ్రీకు, రోమను పద్ధతి స్తంభాలతో నిండిన కట్టడం. అలాంటి కట్టడానికీ, మీ నాన్నగారు చూసిన గుమ్మటాలకూ పోలిక చాలా తక్కువ.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది కలకత్తాలోని విక్టోరియా మెమోరియల్. అప్పటి వైస్రాయి కర్జన్ సంకల్పించిన ఆ స్మారకానికి నమూనా గీసినది సర్ విలియం ఎమర్సన్. అయితే ఎమర్సన్ ఉండేది ఇంగ్లండులో, కట్టడం లేవవలసినది హుగ్లీ ఒడ్డు మెత్తటి నేల మీద. దగ్గర ఉండి రోజూ పని చూసేవాడు కావాలి. ఆ పర్యవేక్షక ఆర్కిటెక్టు బాధ్యత ఎష్‌కు దక్కింది. 1906 జనవరిలో పునాదిరాయి పడిన ఆ భవనం 1921 డిసెంబరు 28న గాని ప్రారంభం కాలేదు. మక్రానా పాలరాతితో, సుమారు 184 అడుగుల ఎత్తున కట్టిన ఆ మందిరం మీద కోటి రూపాయలకు పైగా ఖర్చయింది. ప్రారంభమైన తరువాత ఎష్‌ను బ్రిటిషు రాజు పేర ఇచ్చే సి.వి.ఓ. (రాయల్ విక్టోరియన్ ఆర్డర్ కమాండర్) బిరుదుతో గౌరవించారు. ఒక పెద్ద గుమ్మటాన్ని పునాది నుంచి కలశం దాకా నిలబెట్టడంలో ఎన్ని చిక్కులు ఉంటాయో ఆయనకు తెలియజెప్పిన బడి అదే అని నా అభిప్రాయం.

ఇక హైదరాబాదు సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి మన పెద్దలు చెప్పగా వినని తెలుగు ఇల్లు ఆ ప్రాంతంలో ఉండదు. పదిహేను వేల మంది దాకా ప్రాణాలు పోయాయని సాధారణంగా చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. దాని ఆవరణలోని చింతచెట్టు ఎక్కిన నూటయాభై మంది మాత్రం బతికి బయటపడ్డారు. మరుసటి ఏడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే నిలపాలని, నగరంలో నది గట్లను సరిచేసి తోటలూ రహదారులూ వేయాలని విశ్వేశ్వరయ్య సూచించాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ సలహా ఫలితాలే. 1911లో గద్దె ఎక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మరుసటి ఏడు నగర అభివృద్ధి బోర్డును ఏర్పాటు చేశాడు. గట్లు సిద్ధమవుతున్నాయి, వాటి మీద ఏమి కట్టాలన్న ప్రశ్న మిగిలింది. 1914లో ఎష్‌ను కలకత్తా నుంచి పిలిపించినది ఆ ప్రశ్నకు జవాబు కోసమే.

ఆ తరువాత పది పన్నెండేళ్లలో నాలుగు పెద్ద కట్టడాలు రూపు దిద్దుకున్నాయి. అవి కాచిగూడ రైల్వే స్టేషను, హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉస్మానియా ఆసుపత్రి. హైకోర్టు పని 1915 ఏప్రిల్ 15న మొదలై 1919 మార్చి 31న ముగిసింది. న్యాయస్థానం అందులో ప్రవేశించినది 1920 ఏప్రిల్ 20న. దగ్గరి గుట్టల గులాబి ఛాయ గ్రానైటు రాతికి చెక్కడపు పని చేసిన ఎర్ర ఇసుకరాయిని జతచేసి కట్టినందువల్ల సాయంత్రపు ఎండలో ఆ గోడలకు ఒక రంగు వస్తుంది. మీ నాన్నగారు అరగంట చెప్పినది బహుశా దాని గురించే అయి ఉంటుంది. మీ ఊరితో ఈ కథకు ఇంకొక ముడి కూడా ఉన్నది. 1954 జులైలో ఆంధ్ర రాష్ట్రపు హైకోర్టు మొదలైనది గుంటూరులోనే. 1956 నవంబరులో రాష్ట్రాలు కలిసిన తరువాత అది ఈ గుమ్మటాల కిందికి తరలింది. అప్పటి నుంచి 2018 చివరి దాకా సిక్కోలు నుంచి చిత్తూరు దాకా ప్రతి జిల్లా కక్షిదారూ ఈ మెట్లు ఎక్కినవాడే.

ప్రశ్న: మీరు చెప్పే బెంగాల్ నాగపూర్ రైల్వే, మా తాతగారు వాల్తేరులో పనిచేసిన బి.ఎన్.ఆర్. ఒకటేనా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఒకటే. తూర్పు కోస్తా రైలు మార్గంలో వాల్తేరుకు దక్షిణ భాగం 1901లో మద్రాసు రైల్వేకు, ఉత్తర భాగం మరుసటి ఏడు బి.ఎన్.ఆర్.కు చెందాయి. మీ తాతగారి జీతపు కాగితాలు బయలుదేరిన ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లో ఎష్ కట్టిన ఆ భవనమే.

ప్రశ్న: హైకోర్టు నక్షా గీసినది జయపూరుకు చెందిన శంకర్‌లాల్ అని, కట్టించినది మెహర్ అలీ ఫాజిల్ అని ఒకచోట చదివాను. ఇంకొకచోట విన్సెంట్ ఎష్ అని ఉన్నది. ఏది నిజం? దొర పేరు ముందుకు తోసి మనవాళ్లను వెనక్కి నెట్టారా? – చరిత్ర విద్యార్థి, వరంగల్లు

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే గాని, ప్రశ్నను ‘ఎవరు ఒక్కరు’ అన్న రూపంలో అడగడం వల్ల చిక్కు వస్తున్నది. హైకోర్టు వారి సొంత చరిత్ర కథనంలో నక్షా శంకర్‌లాల్‌దని, అమలు చేసిన ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ అని ఉంటుంది. కట్టడాల చరిత్ర రాసిన ఇంగ్లండు పండితుల పుస్తకాలలో ఎష్ పేరు ఉంటుంది. రెండూ పరస్పరం కొట్టేసుకునే మాటలని నేను అనుకోను.

ఆ కాలంలో పెద్ద కట్టడం తయారయ్యే తీరు తెలిస్తే సంగతి కొంత విడిపోతుంది. ఆర్కిటెక్టు అనే మనిషి మొత్తం రూపాన్ని, గదుల అమరికను, ముఖభాగం కొలతలను నిర్ణయిస్తాడు. ఆ రూపాన్ని రాయికీ సున్నానికీ అర్థమయ్యే భాషలోకి దింపేవాడు నక్షానవీసు. కమాను వంపు ఎంత, దాని మీద లత ఎలా పాకాలి, జాలీకి ఎన్ని కన్నాలు, ఛజ్జా (గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన చూరు) కింద బ్రాకెట్టుకు ఏ ఆకారం అన్న వందల బొమ్మలు అసలు కొలతతో గీసి మేస్త్రీ చేతికి ఇవ్వాలి. ఆ విద్యకు జయపూరు పేరుమోసిన చోటు. అక్కడి సంస్థానపు ఇంజనీరు స్వింటన్ జేకబ్ ఢిల్లీ, ఆగ్రా, రాజపుతానా కట్టడాల అంగాంగాలను స్థానిక చిత్రకారుల చేత కొలిపించి, గీయించి, 1890 నుంచి పెద్ద సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఆ పనిలో ఒక తరం నక్షానవీసులు తయారయ్యారు. శంకర్‌లాల్‌ను ‘జయపూరు’ శంకర్‌లాల్ అని ప్రత్యేకంగా చెప్పడంలో ఆ పరంపర వాసన నాకు తగులుతుంది. ఇది నా ఊహే గాని, హైకోర్టు చెక్కడాలలోని మొగలాయి నుడికారం చూసినవారికి అసంగతమనిపించదు.

మెహర్ అలీ ఫాజిల్ పాత్ర ఇంకొక రకమైనది. ఎష్‌కు కలకత్తా పని ఇంకా పూర్తికాలేదు. విక్టోరియా మెమోరియల్, మూసీ గట్టు పనులు ఒకే కాలంలో నడిచాయి. ఆర్కిటెక్టు ఎంత రైళ్లలో తిరిగినా, రాయి సరిగా వచ్చిందా, సున్నం సరిగా దంగిందా, కమాను కింది చట్రాన్ని ఏ రోజు తీయాలి అన్న నిర్ణయాలు రోజూ స్థలంలో ఉన్న ఇంజనీరు చేయవలసినవే. కలకత్తాలో ఎమర్సన్‌కు ఎష్ ఎలాగో, హైదరాబాదులో ఎష్‌కు ఫాజిల్ అలాగ. ఎమర్సన్ నీడలో ఉన్న ఎష్ పేరును కలకత్తా వాళ్లు గుర్తుంచుకోవాలని కోరుకునేవారు, ఎష్ నీడలో ఉన్నవారి పేర్లను ఇక్కడ చెప్పడానికి వెనకాడడం నాకు నచ్చదు. కాబట్టి మీ వ్యాసంలో ముగ్గురి పేర్లూ, ఎవరి పని ఏమిటో విడదీసి రాయండి. రాళ్లు కొట్టిన వడ్డెరల పేర్లు, గచ్చు చేసిన మేస్త్రీల పేర్లు మాత్రం మీకు ఏ పుస్తకంలోనూ దొరకవు.

ప్రశ్న: హైదరాబాదులో గుమ్మటం ఉన్న ప్రతి పాత సర్కారు భవనాన్నీ ఎష్ ఖాతాలో వేస్తున్నారు. అసెంబ్లీ, ఆర్ట్స్ కాలేజీ, మొజంజాహి మార్కెట్ కూడా ఆయనవేనా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, సికింద్రాబాదు

జవాబు: కావు. ఇందుకు ఒక సులువైన పరీక్ష ఉన్నది. ఎష్ ఇక్కడికి వచ్చినది 1914లో. ఇప్పటి అసెంబ్లీ భవనం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా టౌన్‌హాలుగా మొదలై 1913లోనే పూర్తయింది. కాబట్టి అది ఆయనది అయ్యే వీలు లేదు. రెండో వైపు చూస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది వేసి 1939లో ప్రారంభించారు. దానికి ఆర్కిటెక్టు బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్. నిజాం ప్రభుత్వం తరఫున దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి వచ్చిన నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా ఆయనతో కలిసి పనిచేశారు. మొజంజాహి మార్కెట్ 1935 నాటిది, నగర అభివృద్ధి బోర్డు పని. ఆసుపత్రికి చేరువలో అఫ్జల్‌గంజ్‌లో ఉన్న కేంద్ర గ్రంథాలయ భవనం కూడా 1930లలో లేచినదే. వీటిని ఎష్ ఖాతాలో కలిపితే ఆయనకు గౌరవం పెరగదు, మిగిలినవారికి అన్యాయం జరుగుతుంది.

ప్రశ్న: మా పాఠ్యపుస్తకంలో ఈ భవనాలన్నింటికీ ‘ఇండో సారసెనిక్ శైలి’ అని ఒక్క మాట రాసి వదిలేశారు. ఆ మాటకు అర్థమేమిటి? ఎష్ కట్టడాలలో దాన్ని ఎలా గుర్తుపట్టాలి? – ఆర్కిటెక్చర్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: ఒక్క మాట రాసి వదిలేయడం మీద మీకు కలిగిన అసంతృప్తి నాకూ ఉన్నది. ముస్లిములను ఉద్దేశించి ఐరోపావారు వాడిన పాత పదం ‘సారసెన్’. మన దేశపు కమానులు, గుమ్మటాలు, మీనార్లు, ఛత్రీలు (స్తంభాల మీద నిలిచే చిన్న గుమ్మటపు మంటపాలు), ఛజ్జాలను తీసుకుని, ఆధునిక అవసరాల కోసం వేసిన ఐరోపా ప్లానుకు తొడిగితే ఆ పేరు పెట్టారు. మద్రాసులో చిషోమ్, ఇర్విన్ అనే ఆర్కిటెక్టులు కట్టినవి దీనికి పేరుపడ్డ ఉదాహరణలు. 1892 నాటి మద్రాసు హైకోర్టు మీరు చూసే ఉంటారు. బ్రిటిషు పాలకులు తమను మొగలాయిల వారసులుగా చూపుకోవడానికి ఈ శైలిని వాడుకున్నారన్న విమర్శ ఉన్నది, అందులో సత్యమూ ఉన్నది. హైదరాబాదు విషయంలో మాత్రం ఆ విమర్శను ఉన్నది ఉన్నట్టు అతికించలేము. ఇక్కడ కట్టించినవాడు వైస్రాయి కాదు, నిజాం. కుతుబ్‌షాహీల కాలం నుంచి మూడు శతాబ్దాలకు పైగా కమానూ గుమ్మటమూ ఈ ఊరి సొంత భాష. చార్మినారు నుంచి నడిచి వచ్చే మనిషికి హైకోర్టు పరాయిగా కనిపించకూడదు. కలకత్తాలో స్తంభాలు నిలిపిన చెయ్యే ఇక్కడ ఛత్రీలు నిలిపినదంటే, ఎష్‌కు ఒక శైలి మీద వ్రతం లేదని, ఊరినీ కట్టించేవారినీ బట్టి మాట మార్చగలిగిన వృత్తి నేర్పు ఉన్నదని అర్థం. దీన్ని కొందరు లోపమంటారు. నేను అనను.

గుర్తుపట్టడానికి ఒక్కొక్క భవనం దగ్గరకు వెళ్దాము. కాచిగూడ స్టేషను 1916 నాటిది. మధ్యన గుమ్మటం, పక్కన మీనార్లు చూసి రాతి కట్టడమనుకుంటారు; నిజానికి అప్పటికి కొత్త సరుకైన ఇనుప కమ్మీల కాంక్రీటును అందులో వాడారు. పాత రూపాన్ని కొత్త సరుకుతో పోతపోయడం రైల్వే ఇంజనీరుకే తట్టే ఆలోచన. పరదా పాటించే స్త్రీలు నలుగురి కంట పడకుండా బండి ఎక్కడానికి అందులో విడిగా దారి ఏర్పాటు చేశారు. కట్టడం బయటి నగిషీ కంటే ఇలాంటి చోట్లనే ఆర్కిటెక్టు ఆ ఊరిని ఎంత చదివాడో తెలుస్తుంది.

హైకోర్టు దగ్గర మీరు చూడవలసినది వాకిలి. రెండు అంతస్తుల ఎత్తున ఒకే పెద్ద కమాను, దాని లోపల సగం గుమ్మటపు లోతు, ఆ నీడలో అసలు తలుపులు చిన్నవిగా కనిపించడం, ఇవి పారశీక దేశపు మసీదుల నుంచి మొగలాయిల మీదుగా వచ్చిన పద్ధతి. న్యాయం అడగడానికి వచ్చినవాడు ఆ కమాను కింద కాసేపు చిన్నవాడైపోతాడు. ఆ భావం కావాలనే కల్పించారని నా నమ్మకం. దాని పక్కనే ఉన్న సిటీ హైస్కూలును, అంటే 1920ల చివరలో సిటీ కాలేజీగా పేరు మారిన భవనాన్ని చూడండి. అక్కడ అడ్డు గీతల కంటే నిలువు గీతలకు ప్రాధాన్యం. చదువుల భవనం కాబట్టి ఇంగ్లండు పాత కళాశాలల నిలువు పొడవు కిటికీలను మొగలాయి కమానులతో కలిపారు. రెండు భవనాలూ పక్కపక్కనే ఉండి ఒకటి మరొకదానికి నకలు కాకపోవడం మీలాంటి విద్యార్థులు గమనించవలసిన విషయం.

ఉస్మానియా ఆసుపత్రి ఎదుటి గట్టున ఉన్నది. 1919లో మొదలై, 1920ల నడుమ పూర్తయిన ఈ కట్టడం హైకోర్టు కంటే తేలికగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ రాతి చెక్కడం కంటే గచ్చుపనిదే పైచేయి. పొడవాటి వార్డులు, ఎత్తైన పైకప్పులు, రెండు పక్కలా వరండాలు. గాలి ఒక కిటికీలో దూరి ఎదుటి కిటికీలో బయటపడాలన్నది అప్పటి వైద్యుల పట్టుదల. ఫ్యాను లేని కాలంలో రోగికి అదే మందు. పైన ఉన్న గుమ్మటాలు రోగికి ఏమీ చేయవు. అవి నదికి అవతల నిలబడిన మనిషి కోసం. నయాపూల్ మీద ఆగి ఒక గట్టున హైకోర్టు, రెండో గట్టున ఆసుపత్రి ఒకే చూపులో చూసినప్పుడు గాని ఎష్ ఏమి చేశాడో తెలియదు. నాలుగు భవనాలలో మూడింటిని నదితో కలిపి ఒకే చిత్రంగా నిలిపాడు. పదేళ్ల కింద ఊరిని ముంచిన నది వైపే ఊరి ముఖాన్ని తిప్పాడు. వంతెన మీద ఇప్పుడు ఆగడం కష్టమే; ఆదివారం తెల్లవారుజామున వెళ్లండి.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటున్నాము. వచ్చే ఏడు పిల్లలతో హైదరాబాదు వస్తాము. ఈ భవనాలు ఇంకా ఉన్నాయా? లోపలికి వెళ్లి చూడవచ్చా? – ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: నాలుగూ నిలిచే ఉన్నాయి, నాలుగింటి గతీ ఒకటి కాదు. కాచిగూడలో ఈనాటికీ రైళ్లు ఆగుతాయి కాబట్టి అది అందరికన్నా అదృష్టవంతురాలు. పిల్లలకు ముందు దాన్నే చూపించండి. సిటీ కాలేజీలో పాఠాలు జరుగుతున్నాయి, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ పాఠాలు చెప్పిన కాలేజీ అది. హైకోర్టులో 2009 ఆగస్టులో మంటలు లేచి కొంత భాగం దెబ్బతిన్నది, తరువాత బాగుచేశారు. కొత్త హైకోర్టు కోసం రాజేంద్రనగర్‌లో 2024 మార్చిలో పునాది వేశారు. న్యాయస్థానం కాబట్టి పని లేనివారిని లోపలికి పంపరు, బయటి నుంచి చూసి తృప్తి పడాలి. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఏడో నిజాం రజతోత్సవానికి కానుకగా వచ్చిన వెండి నమూనాలు ఉన్నాయి. హైకోర్టు వెండి బొమ్మను దగ్గరగా చూడాలంటే అక్కడికి వెళ్లండి.

ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం మాట చెప్పడానికి కొంచెం మనసు గట్టిచేసుకోవాలి. 2020 జులైలో వార్డులలోకి వాన నీరు చేరిన తరువాత దాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు. 2025 జనవరి చివరలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పాత భవనాన్ని కూల్చాలన్న వాదన, నిలపాలన్న వాదన ఏళ్ల తరబడి కోర్టులో నడిచింది, ఆ కోర్టు కూడా ఎదుటి గట్టు మీది ఎష్ భవనమే. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును మాత్రం చూడకుండా రావద్దు. ఎష్ ఇక్కడికి రాకముందు, ఆ గట్టున నిలిచి మనుషులను కాపాడినది అదే.